ముందు భోజనం ఎక్కడో తేల్చుకోండి, తర్వాత నడవండి: భీమిలి తీరం, ఆత్రేయపురం కాలవగట్టు

నడకకు వెళ్దామనుకున్నవాళ్లు మొదట ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఎన్ని కిలోమీటర్లో చూసుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఒకసారి డిసెంబరులో గోదావరి కాలవగట్టున పొద్దుటి నుంచి నడిచి, మధ్యాహ్నం రెండుంబావుకి ఒక ఊళ్లో భోజన హోటల్ ముందు నిలబడ్డాను. లోపల బెంచీలు బల్లల మీదికి ఎక్కించి నేల కడుగుతున్నారు. "అయిపోయిందండి. ఒంటిగంట దాటాక ఏముంటదండీ?" అన్నాడు కడుగుతున్న కుర్రాడు, నాదే తప్పన్నట్టు. నిజానికి నాదే తప్పు. ఆ రోజు నా భోజనం మూడు అరటిపళ్లు, ఒక బిస్కట్ ప్యాకెట్.

అప్పటినుంచి లెక్క తిరగేశాను. ముందు ఎక్కడ తినాలో, ఎన్నింటికి తినాలో తేల్చుకోవడం. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోవడం. ఈ పద్ధతిని రెండు దారుల మీద చూపిస్తాను. ఒకటి విశాఖపట్నం పక్కన సముద్రం ఒడ్డు, రెండోది కోనసీమ కాలవగట్టు. రెండూ ఒక్కోరోజులో అయిపోయేవే. రెండింటికీ టెంటు, ట్రెక్కింగ్ కర్రలు అక్కర్లేదు.

మొదటి పని: పొయ్యి వేళలు తెలుసుకోవడం

మన చిన్న ఊళ్లలో తిండి రోజంతా దొరకదు. టిఫిన్ పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా. తొమ్మిదిన్నరకి వెళ్తే పూరీ ఉంటుంది గాని కూర ఉండదు, ఇడ్లీ ఉంటుంది గాని చట్నీలో నీళ్లు ఎక్కువైపోతాయి. భోజనం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా. రెండు నుంచి నాలుగు దాకా టీ తప్ప ఏమీ దొరకదు. నాలుగు దాటాక బజ్జీల బండ్లు వస్తాయి. పెద్ద రోడ్డు మీద ధాబాలకు ఈ లెక్క వర్తించదు, కానీ మనం నడిచేది పెద్ద రోడ్డు మీద కాదు కదా.

ఇక రోజులు. ఆదివారం మాంసం, చేపలు బాగా దొరుకుతాయి, కానీ భోజనం త్వరగా అయిపోతుంది. కార్తీకమాసంలో, ముఖ్యంగా సోమవారాలు, చేపల పులుసు కోసం వెళ్తే నిరాశ తప్పకపోవచ్చు. సంక్రాంతి మూడు రోజులూ పల్లెల్లో చిన్న హోటళ్లవాళ్లు వాళ్ల ఇళ్లల్లో అరిసెలు వండుకుంటుంటారు, మనకు వండరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల మీద వేట నిషేధం. ఆ రెండు నెలల్లో పెద్ద చేపలు చాలావరకు ఐసు పెట్టెలోంచే వస్తాయి. ఎండ కూడా అప్పుడే మండిపోతుంది కాబట్టి నడకకు ఎలాగూ పనికిరాని కాలం.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అయితే రెండు దారులకూ బాగుంటుంది.

రెండో పని: గంటకు ఎంత నడుస్తారో నిజాయితీగా ఒప్పుకోవడం

తారు రోడ్డు మీద ఖాళీ చేతులతో గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు, సంచీ వేసుకుని, ఫొటోలు తీసుకుంటూ, దారిలో వాళ్లతో మాట్లాడుతూ నడిస్తే నాలుగే నడుస్తారు. పొడి ఇసుకలో రెండున్నర. మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల ముందు కూర్చోవాలి, దారి పది కిలోమీటర్లు, అందులో సగం ఇసుక అనుకోండి. నడకకే మూడు గంటలు పైన. ఆగడానికి ఒకటిన్నర గంట. అంటే ఏడింటికల్లా కాలు కదలాలి.

పన్నెండు కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి. అంతకంటే ఎక్కువ నడిస్తే ఆకలి చచ్చిపోయి నీళ్లే తాగాలనిపిస్తుంది. అప్పుడు ఎంత మంచి పులుసు పెట్టినా దండగే.

సముద్రం దారి: మంగమారిపేట నుంచి భీమిలి

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మొత్తం ముప్ఫై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మొత్తం నడవాలన్న ఉబలాటం వద్దు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా ఊరే. కార్లు, హారన్లు. ఆ ముక్క సాయంత్రం షికారుకు, మురీ (మరమరాల) మిక్సర్ తినడానికి బాగుంటుంది, అంతే. అసలు నడక తొట్లకొండ కింద ఉన్న మంగమారిపేట దగ్గర మొదలవుతుంది. అక్కణ్నుంచి భీమిలికి సుమారు పది కిలోమీటర్లు.

టిఫిన్ విశాఖలోనే సంపాదించండి. ఆరింటికే వేడిగా దొరుకుతుంది. అక్కడే తినేయకుండా నాలుగు ఇడ్లీ పొట్లం కట్టించుకోండి, చట్నీలు విడిగా. ఉత్తరాంధ్రలో బొంబాయి చట్నీ అని శనగపిండితో చేస్తారు, పల్చగా, పచ్చిమిర్చి ముక్కలతో. అది చల్లారినా బాగుంటుంది, కొబ్బరి చట్నీలా పులిసిపోదు. గారెలు, పూరీలు మాత్రం నడకకు ముందు వద్దు. నూనె కడుపులో ఉండి కాళ్లు లాగుతాయి.

భీమిలి వెళ్లే సిటీ బస్సుల్లో బీచ్ రోడ్డు మీదుగా వెళ్లేది ఎక్కాలి. కొన్ని హైవే మీదుగా తగరపువలస వైపు పోతాయి. కండక్టర్ని అడిగి మరీ ఎక్కండి. మంగమారిపేటలో దిగి, వలలు ఆరేసిన పడవల పక్కనుంచి ఒడ్డుకు వెళ్తే రాళ్ల మధ్య సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. సముద్రం లోపలికి తగ్గినప్పుడే దాని దగ్గరికి వెళ్లగలం.

ఇక్కడ పోటు, పాటు సంగతి చెప్పాలి. సముద్రం ముందుకొస్తే పోటు, వెనక్కి తగ్గితే పాటు. రోజులో రెండేసి సార్లు వస్తాయి, ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. అమావాస్యకు, పౌర్ణమికి తేడా ఎక్కువ. పాటు వేళ నడిస్తే నీళ్లు వెనక్కి వెళ్లిన చోట తడి ఇసుక గట్టిగా సిమెంటు నేలలా ఉంటుంది, కాలు దిగబడదు. పోటు వేళ నడిస్తే పైనున్న పొడి ఇసుకలోకి జరగాల్సి వస్తుంది, వేగం సగమవుతుంది. ఫోన్‌లో వేళలు చూసుకోవచ్చు గాని, వల బాగుచేసుకుంటున్నవాళ్లను అడిగితే ఇంకా నమ్మకం. ఓసారి అలా అడిగితే ఒక పెద్దాయన సమాధానం చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాడు. "ఏటి బాబూ, భీమిలి నడిసెల్తన్నావా? బస్సు డబ్బుల్లేవా?" ఉన్నాయని చెప్పి నమ్మించడానికి కొంత టైం పట్టింది. తర్వాత పాటు ఎప్పుడో చెప్పాడు, పది గంటల దాకా పర్వాలేదని.

రాళ్ల దగ్గర కూర్చుని ఇడ్లీ తినేయండి. కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు సంచీలో పెట్టుకోండి. స్నానానికి దిగొద్దు. ఈ తీరంలో ఒడ్డు మెత్తగా కనిపిస్తుంది, కింద లాగుడు ఎక్కువ. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

పైన కనిపించే తొట్లకొండ ఎక్కాలంటే దానికి వేరే పూట పెట్టుకోండి. రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. వాన నీటికి రాతిలో తొలిచిన తొట్లు ఉండబట్టే ఆ పేరు. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది. నాకు నచ్చింది స్తూపం కాదు, అక్కడ బయటపడ్డ వంటశాల, భోజనశాల. కింద సముద్రం కనిపించే కొండ మీద భిక్షువులకు కూడా భోజనానికంటూ ఒక చోటు కట్టి ఉంది. మనం పెద్ద కొత్తగా ఏమీ చేయడం లేదన్నమాట.

మంగమారిపేట దాటాక సముద్రం కుడిచేతి పక్క, ఎండ కుడి చెంప మీద. మామూలు టోపీ కంటే చుట్టూ పెద్ద అంచున్న గుడ్డ టోపీ మేలు, లేదా తువ్వాలు కప్పుకోండి. ఒడ్డు నీటివైపు వాలుగా ఉంటుంది కాబట్టి కుడికాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. గంట అలా నడిస్తే తుంటి నొప్పి పుడుతుంది. అందుకని అరగంటకోసారి పైకి, రోడ్డు మీదికి వచ్చి సమానంగా ఉన్న నేల మీద కాసేపు నడవండి. దారిలో చిన్న గెడ్డలు, అంటే వాగులు, సముద్రంలో కలుస్తుంటాయి. వానలు పడ్డ వారంలో వీటిని ఒడ్డున దాటకండి, రోడ్డు మీద వంతెన ఎక్కి దాటండి.

భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు ఎర్రమట్టి దిబ్బలు. పేరులో మట్టి ఉంది గాని అది ఇసుక, వేల ఏళ్ల కింద గాలికి పేరుకున్నది. ఇసుక రేణువుల మీద పట్టిన ఇనుము తుప్పు వల్ల ఆ ఎరుపు. వాన నీళ్లు కోసిన సందుల్లో నడుస్తుంటే రెండు పక్కలా మనిషి ఎత్తుకు మించిన గోడలు. నాలుగు మలుపులు తిరిగితే వచ్చిన దారి మరిచిపోతాం. లోపలికి వెళ్లేముందు ఎండ ఏ పక్క నుంచి పడుతోందో గుర్తుపెట్టుకోండి. గోడల అంచుల మీదికి ఎక్కొద్దు, చేత్తో తాకితేనే రాలే ఇసుక అది. జీడిమామిడి చెట్ల నీడన ఓ పావుగంట కూర్చుని, సీసాలో మజ్జిగ ఉంటే తాగి లేవండి. ఇక్కడ గంట కంటే ఎక్కువ ఉంటే భీమిలిలో భోజనం పోతుంది. ఇది అనుభవం మీద చెప్తున్నా.

భీమిలిలో చేయాల్సిన పనుల వరుస

చాలామంది భీమిలి చేరాక ముందు ఊరు చూసి తర్వాత తిండికి వెళ్తారు. తిరగేయండి. చేరగానే భోజన హోటల్‌కి వెళ్లి ఏం ఉందో అడిగి, వేపుడు కావాలంటే చెప్పేసి, అప్పుడు ఊరు చూడ్డానికి వెళ్లండి. ముక్క మసాలా పట్టి వేగే ఆ నలభై నిమిషాల్లో లైట్‌హౌస్, గడియార స్తంభం, డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసేచోటు వీటిలో రెండు మూడు చూసి రావచ్చు. మనవాళ్లు డచ్చివాళ్లను వలందులనేవారు, బందరులో వలందపాలెం పేరు అలా వచ్చిందే. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు భీమిలి. ఇప్పుడు చూస్తే మధ్యాహ్నం పూట కుక్క కూడా కదలనంత తీరిగ్గా ఉంటుంది.

హోటల్ ఎలా ఎంచుకోవాలంటే, బోర్డు మీద ఇరవై రకాలు రాసిన చోటికి పోవద్దు. "ఇవాళ ఏం చేప?" అని అడగండి. ఒకటో రెండో పేర్లు చెప్పి, మిగతావి లేవంటే అక్కడ కూర్చోండి. అన్నీ ఉన్నాయంటే అన్నీ ఫ్రిజ్‌లో ఉన్నాయని అర్థం. వంజరం, చందువ ఖరీదైనవి, బయటివాళ్లు అడిగేవి. కానాగంతలు, నెత్తళ్లు, కవళ్లు చవక, ఊళ్లోవాళ్లు తినేవి. నా ఓటు కానాగంతల పులుసుకు. ముల్లు ఉంటుంది, ఓపిగ్గా తినాలి, కానీ చింతపండు పులుసులో ఆ చేప కొవ్వు తేలుతుంటే అన్నం ఎంత కలుపుకున్నామో తెలీదు. పిల్లలతో వెళ్తే మాత్రం వంజరం ముక్కలే మేలు, ముల్లు తక్కువ.

పచ్చి చేప చూపిస్తామంటే చూడండి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. శాకాహారులకు భీమిలిలో మామూలు భోజనం దొరుకుతుంది. ప్రత్యేకంగా దానికోసం అంత దూరం నడవాలని చెప్పను.

తిన్నాక గంట కూర్చుని, బస్సెక్కి విశాఖ వచ్చేయండి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గూకుతుంది, ఆ లోపల బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తినొచ్చు.

కాలవ దారి: రావులపాలెం, లొల్ల, ఆత్రేయపురం

ఇది వేరే రకం నడక. ఇసుక లేదు, ఎక్కుడు దిగుడు లేదు. ఒక పక్క నీళ్లు, రెండో పక్క కొబ్బరి, అరటి, వరి. రావులపాలెం నుంచి లొల్ల మీదుగా ఆత్రేయపురం పది కిలోమీటర్లు అటూ ఇటూగా. రాజమండ్రి నుంచి రావులపాలెం దాకా బస్సులు విరివిగా ఉన్నాయి.

ఒక్క షరతు, కాలవలో నీళ్లుండాలి. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. అప్పుడు వెళ్తే గట్టు పక్కన బురద, ప్లాస్టిక్ సంచులు చూస్తూ నడవాలి. వరద రోజుల్లో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, పులస చేప కోసం జనం వస్తారు. దాని ధర వింటే నడక బదులు పరుగెత్తాలనిపిస్తుంది. చలికాలమే మంచిది.

రావులపాలెంలో టిఫిన్ తినేసే బయల్దేరండి, ఇక్కడ పొట్లం కట్టించుకోవాల్సిన పనిలేదు. ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి నేను చూసేది ఒకటే, ఇడ్లీ పాత్ర మూత ఎన్నిసార్లు తీస్తున్నారన్నది. పది నిమిషాలకోసారి కొత్త వాయి దిగుతుంటే కూర్చోండి. కోనసీమలో పొట్టిక్కలు ఎక్కడైనా కనిపిస్తే ఇడ్లీ వదిలేసి అవే తినండి. పనసాకులు దొన్నెలా కుట్టి అందులో పిండి పోసి ఆవిరికి పెడతారు. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. అంబాజీపేట వైపు ఎక్కువ, ఇక్కడ దొరికితే అదృష్టం. రావులపాలెం పెద్ద అరటి మార్కెట్, కాబట్టి దారికి చక్కెరకేళి నాలుగు కొనుక్కోండి.

గట్టు రోడ్డు సన్నగా ఉంటుంది. ట్రాక్టర్లు, బైకులు వస్తుంటాయి, అందుకే కుడిపక్కన, ఎదురొచ్చే బండి కనిపించేలా నడవండి. గడ్డిలో కాలు పెట్టేముందు చూసుకోండి. కొబ్బరిచెట్టు కింద నీడ ఉంది కదాని కూర్చోకండి. కాయ ఎప్పుడు పడుతుందో దానికే తెలుసు.

మీ కాలికింద ఉన్న గట్టుకు ఓ కథ ఉంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి నీళ్లు ఈ కాలవల్లోకి మళ్లాయి. ఆ రోజుల్లో కాలవ పొలానికే కాదు, ప్రయాణానికి కూడా. గాలి లేనప్పుడు మనుషులు పడవకు తాడుకట్టి, ఈ గట్టు మీద నడుస్తూ లాక్కుంటూ పోయేవారు. లాకులు కట్టింది అందుకే. ఎత్తులో ఉన్న నీటిలోంచి పల్లంలో ఉన్న నీటిలోకి పడవను దింపడానికి రెండు తలుపుల మధ్య ఆపి, నీళ్లు వదిలి, మట్టం సమానం చేసేవారు. లొల్ల లాకుల దగ్గర కాలవ చీలిపోతుంది. నీళ్లు దూకే చప్పుడు, పెద్ద చెట్లు, పాత కట్టడం. సినిమా షూటింగులు ఎన్నో అయ్యాయక్కడ. నడకలో అరగంట ఆగాల్సిన చోటు ఇదే. బొండం కొట్టించుకుని, తాగాక కాయ రెండుగా చీల్చమని అడిగి లేత కొబ్బరి కూడా తినండి.

గుడి కావాలనుకునేవాళ్లకు ర్యాలి ఉంది, పక్కదారి. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు నుంచి కేశవుడు, వెనక నుంచి మోహిని, ఒకే నల్లరాయి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి దానికోసమైతే రావులపాలెంలో ఆటో మాట్లాడుకుని పొద్దున్నే చూసి, తర్వాత నడక మొదలుపెట్టండి.

భోజనం ముందే చెప్పడం

ఈ దారిలో భోజన హోటళ్లు తక్కువ. రెండు ఉపాయాలు. ఒకటి, ముందురోజు సాయంత్రం ఫోన్‌లో మాట్లాడి ఇంతమంది వస్తున్నామని చెప్పడం. ఇంటిదగ్గర వండిపెట్టేవాళ్లు ఈ ఊళ్లలో ఉంటారు, పూతరేకుల దుకాణాల్లో అడిగితే చెప్తారు. చెప్పేటప్పుడు ఏం కావాలో మీరు జాబితా చదవకండి. "మీ ఇంట్లో రేపు ఏం వండుకుంటారో అదే మాకూ" అనండి. పనసపొట్టు కూర ఆవ పెట్టి వండే రోజు తగిలితే, అది పెళ్లి భోజనమే. రెండో ఉపాయం, పదకొండున్నరకల్లా ఆత్రేయపురం చేరిపోవడం. మొదట్లో చెప్పిన కుర్రాడి మొహం గుర్తుంచుకోండి.

ఫోన్‌తో డబ్బు కట్టొచ్చు గాని సిగ్నల్ ప్రతిచోటా నిలవదు. పది, ఇరవై నోట్లు ఉంచుకోండి.

పూతరేకులు చూడటం, తర్వాత కొనడం

భోజనం అయ్యాకే పూతరేకుల వైపు వెళ్లండి, ముందు వెళ్తే అన్నానికి చోటుండదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో కొనడం అందరూ చేసేదే. రేకు తీసేచోటు చూపిస్తారా అని అడగండి. చాలామంది కాదనరు. ఫొటోకు మాత్రం ఒకమాట అడిగి తీయండి, వాళ్లు పొయ్యి ముందు చెమటలో ఉంటారు.

కుండ బోర్లించి ఉంటుంది, కింద కొబ్బరాకు మంట. బియ్యం నానబెట్టి రుబ్బి పాలలా పల్చగా చేసిన పిండి పక్కన. రేకు తీసే ఆమె పల్చటి గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద ఒక్కసారి లాగుతుంది. చుయ్యిమని చప్పుడు. గుడ్డ దాటిపోయే లోపే కుండ మీద తెల్లటి పొర అంచు లేస్తుంది. వేళ్లతో ఎత్తి పక్కన పెడుతుంది, మళ్లీ గుడ్డ ముంచుతుంది. మంట కాస్త ఎక్కువైతే రేకు పగులుతుంది, తక్కువైతే అతుక్కుంటుంది. ఇదంతా, మధ్యమధ్య ఎడమచేత్తో ఆకు పొయ్యిలోకి తోస్తూనే చేస్తుంది. నేను ఒకసారి ప్రయత్నించాను. నాకొచ్చింది రేకు కాదు, అట్టుముక్క. ఆమె నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది.

కొనేటప్పుడు బెల్లంవి, పంచదారవి రెండూ తీసుకోండి. బెల్లంవి రుచి, పంచదారవి నిలవ. నెయ్యి వాసన చూశాకే డబ్బివ్వండి. ఇంకో మాట, ఉత్త రేకులు కూడా అమ్ముతారు. అవి కొనుక్కుని ఇంటికెళ్లాక తడిగుడ్డతో కాస్త మెత్తబరిచి, మీ ఇంటి నెయ్యి రాసి, బెల్లం పొడి, యాలకులు చల్లి మడిస్తే దుకాణంలోవి దిగదుడుపే. ఎండాకాలంలో వెళ్లినవాళ్లయితే ఇక్కడే మామిడి తాండ్ర కూడా చూడొచ్చు, చాపల మీద పొరలు పొరలుగా ఆరేస్తారు.

తిరుగు ప్రయాణానికి ఆటోలో రావులపాలెం వచ్చి బస్సెక్కండి. పూతరేకుల పెట్టె బస్సులో పైన పెట్టొద్దు. దానిమీద ఎవరో ఒకరు గ్యారంటీగా సూట్‌కేసు పెడతారు. ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. పక్క సీటువాళ్లు వాసన పట్టి అడుగుతారు, అందుకని రెండు విడిగా పైజేబులో ఉంచుకోండి.